బెల్లం దొరకని పూట

పెళ్ళికి కుట్టించిన రవికలు వదులైపోతుంటే మార్త అది ప్రేమ అనుకుంది. నడిజామున లేచి రెండు చెంబులు నీళ్ళు తాగితే తాండూరు ఎండ అనుకుంది. పెళ్ళైన నాలుగో నెలలో వికారాబాదులో డాక్టరు గాజు గొట్టంలో నీలిమందు పోసి, అందులో ఆమె మూత్రం చుక్కలు వేసి మంటమీద పెడితే, ఆ నీలం కాస్తా ఇటుక రంగుకు తిరిగింది.

"షక్కర్ బీమారి, చక్కెర జబ్బు," అన్నాడాయన. "ఇరవై రెండేళ్ళకే వచ్చింది కాబట్టి గోలీలు పనిచెయ్యవు. అన్నానికి అరగంట ముందు సూది. సూది వేసుకున్నాక అన్నం ఆలస్యం కావద్దు. చెమటపట్టి చేతులు వణికితే వెంటనే ఏదైనా తీపి నోట్లో వేసుకో."

బి.ఏ. చదివిన పిల్ల కాబట్టి మార్తకు ఒక్కసారి చెబితే అర్థమైంది. అర్థం కానిది మిగతావాళ్ళకు. ఇంట్లో సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే, మొగుడు ఏసుదాసు, అత్త దేవమ్మ. సలహాలు మాత్రం రోజుకు ఇరవై. తెల్లవారగానే కాకరకాయ రసం, పొద్దెక్కాక నేరేడు గింజల పొడి. రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా అయిన ఏసుదాసు ప్రేమ కొద్దీ తానూ చాయలో చక్కెర మానేశాడు. మానేసినట్టు రోజుకు మూడుసార్లు గుర్తుచేసేవాడు.

అన్నిటికంటే విసుగెత్తించింది దేవమ్మ పెట్టిన షరతు.

"ఎవ్వలకు చెప్పకు బిడ్డా. లగ్గం ముందే ఉండె, దాచిండ్రు అంటరు. మీ అమ్మగారోళ్ళకు మాటొస్తది."

"మరి చుట్టాలు పిలిచి బూరెలు పెడితే ఏం చెప్పాలె అత్తమ్మా?"

"కడుపుల బాగలేదను."

"పన్నెండు ఇండ్లల్ల పన్నెండుసార్లు కడుపు బాగలేదంటే, కడుపుతోని ఉన్నదంటరు."

"అననీ. మంచి మాటేనాయె!"

మార్త నెత్తి కొట్టుకుంది.

కొత్త జంటను చుట్టాలంతా వరసగా పిలిచి, ప్రార్థన చేసి, బట్టలు పెట్టి, అన్నం పెట్టడం వాళ్ళలో ఆనవాయితీ. ఆ ఆదివారం పెద్దేములులో దేవమ్మ చెల్లెలు శాంతవ్వ ఇంట్లో పిలుపు. మార్త సంచిలో సూది ఉన్న స్టీలు పెట్టె, తడిగుడ్డ చుట్టిన మందు సీసా, కాగితం పొట్లంలో పది పిప్పరమెంట్లు పెట్టుకుంది. మొగుడు, అత్తతో కలిసి బస్సెక్కితే కిటికీ పక్క చోటు దొరికింది. తోవ పొడుగునా కంది చేలు, నాపబండల కుప్పలు, ఒక గాడిద మీద ఎక్కి కూర్చున్న కాకి. ఆ కాకిని చూసి మార్త ఫక్కున నవ్వింది. జబ్బు సంగతి తెలిసిన పందొమ్మిది రోజుల తరువాత వచ్చిన మొదటి నవ్వు అది.

"వచ్చిండ్రా! అన్నం అయింది, కాళ్ళు కడుక్కోండ్రి," అంది శాంతవ్వ గడపలోనే.

అన్నం అయిందన్న మాట నమ్మి మార్త జొన్నబస్తాల గదిలోకి దూరింది. ఏసుదాసు తలుపుకు అడ్డం నిలబడి, దొంగతనానికి కాపలా కాస్తున్నవాడిలా దగ్గుతుంటే, ఆ చీకట్లో సూది వేసుకుంది. తన ఒంటికి తాను మందు వేసుకోవడానికి బస్తాల వెనక నక్కాలా అని ఒళ్ళు మండింది.

బయటికి వచ్చేసరికి శాంతవ్వ మొగుడు భీమయ్య లేచి నిలబడి కళ్ళు మూసుకున్నాడు. ఆయన చర్చి సంఘంలో పెద్ద. ప్రార్థనకు నిలబడితే ఎవరినీ మరిచిపోడు. కొత్త జంటతో మొదలుపెట్టి, తాత ముత్తాతల మీదుగా, గనుల్లో బండలు కోసేవాళ్ళ వేళ్ళు, కంది పంటకు పురుగు, కుంటుతున్న ఎడ్ల జతలో ఎడమది, తాండూరు బస్సు టైముకు రావడం, అన్నిటినీ దేవుడి ముందు పెట్టాడు. మధ్యలో ఒక పాట. పాట తరువాత బట్టలు పెట్టడం. బట్టలయ్యాక మళ్ళీ ప్రార్థన.

మార్త గడియారం చూసింది. సూది వేసుకుని గంట దాటింది. ఆకలవుతోంది అనాలి. అంటే ఎందుకంటారు. కొత్త కోడలు ప్రార్థన మధ్యలో అన్నమడిగిందని పదేళ్ళు చెప్పుకుంటారు. ఆ లెక్కలు వేస్తుండగానే వీపు మీద చెమట కారింది. వేళ్ళు వణికాయి. భీమయ్య గొంతు ఎక్కడో బావి అడుగునుంచి వస్తున్నట్టయింది.

సంచిలో చెయ్యి పెట్టింది. పొట్లం లేదు.

"పిప్పరమెంట్లేవి?" అంది మొగుడి చెవిలో.

"లేవు."

"ఏమైనయి?"

"బస్సుల తిన్న," అన్నాడు ఏసుదాసు కళ్ళు తెరవకుండానే. "నువ్వు శోధనల పడొద్దని."

ఒంట్లో శక్తి ఉంటే మార్త ఆ క్షణంలోనే వితంతువయ్యేది.

"బెల్లం..." అంది పైకే. "షక్కర్, ఏదైనా. జల్ది."

దేవమ్మ కళ్ళు తెరిచి కోడలి ముఖం చూసి బిత్తరపోయింది. శాంతవ్వ గుండె బాదుకుంది. "అయ్యో, నీకది పడదాయె బిడ్డా!"

"నీకెట్ల తెలుసే?" అంది దేవమ్మ.

"దాసు అంగట్ల మా ఆయనకు చెప్పిండు. నేనెవ్వలకు చెప్పలే అక్కా, ఒట్టు! చీమలు పట్టినయని చెప్పి ఇంట్లున్న బెల్లమంత పొద్దుగాల్నే పక్కింటి ఎంకమ్మకిచ్చిన. పాయసం గూడ ఒండలే. కాకరకాయ కూరే చేసిన, పాపం పిల్ల తింటదని!"

ఇంట్లో తీపి గింజంత లేదు. అందరూ కలిసి తనను ఇంత ప్రేమగా చంపుతున్నారని మార్తకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, రెండిటికీ ఓపిక లేదు. "తీపి లేకుంటే పడిపోత అత్తమ్మా. సూది వేసుకున్న," అంది గోడకు ఒరిగి.

దేవమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని నాపరాతి గోడ దగ్గరికి ఉరికింది.

"ఓ ఎంకమ్మా! నా కోడలికి షక్కర్ బీమారి! బెల్లం తేవే!"

"షక్కర్ బీమారికి బెల్లమేందే?"

"అడగకు, తే! షక్కర్ బీమారి నా కోడలికి, షక్కర్ బీమారి!"

వాడంతా విన్నది. ఎంకమ్మ గోడ మీదుగా బెల్లపు గడ్డ అందించింది. దేవమ్మ చేతికందిన రోటి పొత్రంతో కొట్టి ముక్క కోడలి నోట్లో పెట్టింది. అందులో ఇసుక ఉంది, నిజంగానే రెండు చీమలున్నాయి. అయినా పందొమ్మిది రోజుల తరువాత నాలుక మీద కరిగిన ఆ బెల్లమంత రుచి మార్తకు తన పెళ్ళి విందులో కూడా తెలియలేదు. రెండో ముక్కకు చేతులు నిలిచాయి, మూడో ముక్కకు మొగుడి తొడ గిల్లే బలం వచ్చింది.

అప్పుడు భీమయ్య ఒక కన్ను తెరిచాడు. "ఇంక జర ఉన్నది. ఆమెన్ అనాల్నా?"

"అను!" అన్నారు అక్కాచెల్లెళ్ళు ఒక్క గొంతుతో.

మరుసటి ఆదివారం పరిగిలో కిష్టప్ప ఇంట్లో పిలుపు. దేవమ్మ కొంగున నిమ్మకాయంత బెల్లం ముడి వేసుకుని గడపలోనే నిలబడింది.

"నా కోడలికి షక్కర్ బీమారి. అన్నం ఉడికినంకనే సూది, సూది అయిన అరగంటకు అన్నం. ప్రార్థన ఆఖరుకు. ఒప్పుకుంటే లోపలికొస్తం."

మార్త అరుగు మీద, వెలుతురులో స్టీలు పెట్టె తెరిచి రవిక చెయ్యి పైకి మడిచింది. చూడవచ్చిన నలుగురిలో ఒక ముసలామె దగ్గరికి జరిగింది.

"బిడ్డా, తిప్పతీగ నూరి పొద్దుగాల్నే..."

"అన్నం తిన్నంక చెప్పు పెద్దమ్మా," అంది మార్త. "ఈ పూటకు మందు చెప్పినోళ్ళల్ల నువ్వు ఏడోదానివి."