నాలుగు బస్సుల దూరం

ఆమె ఇరవై రెండేళ్లుగా సిటీబస్సు నడుపుతోంది. ఈ నెలాఖరుతో ఆ పని సరి. ఎడమ మోకాలు అరిగిపోయింది, క్లచ్ తొక్కినప్పుడల్లా ప్రాణం పోయినంత పనవుతోంది. ఇక ఫిట్‌నెస్ కాగితం మీద సంతకం పెట్టేది లేదని డాక్టరు తేల్చేశాడు. మిగిలినవి రెండే దారులు. ఒకటి, కొత్త డ్రైవర్లకు పాఠాలు చెప్పే ఉద్యోగం. రెండోది, ప్రయాణికులు మరిచిపోయిన గొడుగులూ సంచులూ దాచే గదిలో కుర్చీ. ఆ గదికి కిటికీ కూడా లేదు. తలుచుకుంటేనే ఆమెకు ఊపిరాడదు.

పాఠాలు చెప్పాలంటే ముందు ముగ్గురు పెద్దల ఎదుట కూర్చుని నోటి పరీక్ష నెగ్గాలి. అందులో అసలు గండం ఫిజిక్స్. బ్రేకు తొక్కాక బస్సు ఎంత దూరంలో ఆగుతుంది? పుస్తకంలో జవాబు ఒక్క ముక్కలో ఉంది: వి స్క్వేర్ బై రెండు ఏ. 'వి' అంటే వేగం, 'ఏ' అంటే బ్రేకు పట్టు. చూడ్డానికి ఇంతే, మింగబోతే గొంతుకు అడ్డం పడుతుంది.

బడి వదిలి ముప్పై ఏళ్లు దాటిన మనిషికి ఆ అక్షరాలు నిలుస్తాయా? నిలవలేదు. అందుకని తనకు చేతనైన ఉపాయం పన్నింది. తన రూటులో ఒక్కో చోటికి ఒక్కో ముక్క అంటగట్టింది. గడియారం స్తంభం దగ్గర 'వి', ఆసుపత్రి మలుపులో 'స్క్వేర్', వంతెన మీద 'బై', వంతెన దిగాక 'రెండు', డిపో గేటులో 'ఏ'. పదిరోజులపాటు ప్రతి ట్రిప్పులోనూ ఇదే వల్లించింది. ఆమె గొణుగుడు విని ముందు సీటు పెద్దాయన తనతోనే మాట్లాడుతోందనుకుని, "ఇప్పుడు కాస్త నయమేనమ్మా" అని జవాబు కూడా చెప్పాడు.

పరీక్ష నాలుగు రోజుల్లో ఉందనగా వంతెన దగ్గర నీళ్ల గొట్టం పగిలింది. బస్సుల్ని వేరే వీధిలోంచి మళ్లించారు.

ఆ సాయంత్రం ఆడపడుచు వచ్చి పాఠం అప్పజెప్పించుకుంది. ఆవిడ పదహారేళ్లుగా బళ్లో ఫిజిక్స్ టీచరు, వదినంటే ప్రాణం.

"సూత్రం చెప్పు వదినా."

"వి స్క్వేర్... రెండు ఏ."

"మధ్యలో బై ఏదీ?"

"వంతెన మూసేశారుగా!"

ఆడపడుచుకు మొదట బోధపడలేదు. బోధపడ్డాక కడుపు పట్టుకుని నవ్వింది. వదినకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నవ్వింది చాల్లే గానీ, నాకొకటి చెప్పు టీచరమ్మా. వేగం రెట్టింపైతే దూరం కూడా రెట్టింపు కావాలి. నాలుగు రెట్లెందుకవుతుంది? ఆ స్క్వేర్ అక్కడ ఎందుకు కూర్చుంది?"

"సూత్రం అంతే వదినా."

"అదే, ఎందుకంతే?"

"లెక్క అలా వస్తుంది. అయినా పరీక్షలో అదెవరూ అడగరులే."

"ఎవరూ అడక్కపోతే పోనీ. నేనడుగుతున్నాను కదా."

ఆడపడుచు పుస్తకం తిరగేసింది, అందులోనూ ఆ 'ఎందుకు' లేదు. బోర్డు మీద ఆ సూత్రం ఎన్ని వందలసార్లు రాసిందో లెక్కలేదు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, పుస్తకం చెప్పింది, తను రాసింది, పిల్లలు దించుకున్నారు. పాపం ఆవిణ్ణి అని లాభం లేదు. సిలబస్ తరుముకొస్తుంటే ఆగి ఎందుకని అడిగే తీరిక ఎవరికుంది? కానీ ఆ రాత్రి భోజనం దగ్గర ఆవిడే, "రేపు బస్సు మీదే కొలిచి చూద్దాం వదినా" అంది.

పరీక్షకు వెళ్లేవాళ్లకు డిపోలో ఒక గంట ఖాళీ బస్సు ఇస్తారు. మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ డిపో వెనకనున్న పొడవాటి దారి మీదకు బస్సు తీశారు. డిపోలో ఎవరూ మీటర్లలో మాట్లాడరు. ముందుబండికి రెండు బస్సుల ఎడం ఉంచు, ఒక బస్సు వెనక్కి తియ్యి, అంతా ఇదే భాష. కాబట్టి బస్సు పొడవుకు సరిగ్గా ఒక తాడు కోసుకున్నారు. దారికి అడ్డంగా సుద్దతో గీత గీశారు. గీత దాటగానే బ్రేకు. ముందు సీట్లో ఆడపడుచు ఫోనులో సెకన్లు చూస్తోంది.

మొదట వదిన గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో వచ్చి బ్రేకు తొక్కింది. మూడు సెకన్ల లోపే ఆగింది. తాడు వేసి కొలిస్తే ఒక బస్సు దూరం.

తర్వాత అరవై. బస్సంతా గడగడలాడింది, ఆడపడుచు కెవ్వున అరిచింది గానీ ఫోను వదల్లేదు. ఆరు సెకన్లకు కాస్త తక్కువ. తాడు ఒకటి, రెండు, మూడు, నాలుగుసార్లు పరవాల్సి వచ్చింది.

"రెట్టింపు వేగం దిగాలంటే రెట్టింపు సేపు పట్టింది, అది న్యాయమే," అంది ఆడపడుచు తాడు చుడుతూ. "మరి దూరం కూడా రెండు బస్సుల దగ్గర ఊరుకోవాలిగా?"

వదిన బస్సు మెట్టు మీద కూలబడి మోకాలు రుద్దుకుంటోంది. చటుక్కున చెయ్యి ఆగిపోయింది.

"ఆ రెట్టింపు సేపూ బస్సు ఏం చేసిందే? నిమ్మళంగా నడిచిందా? ఇందాక ముప్పై నుంచి సున్నాకి దిగింది, అంటే సగటున పదిహేను. ఇప్పుడు అరవై నుంచి సున్నాకి, సగటున ముప్పై. సేపూ రెట్టింపే, ఆ సేపంతా పరిగెత్తిన జోరూ రెట్టింపే. రెండు రెళ్లు..."

"నాలుగు!" ఆడపడుచు చేతిలోంచి తాడు జారిపోయింది. "సేపు కోసం ఒక వి, జోరు కోసం ఒక వి! ఆగు ఆగు వదినా, సగటు అన్నావుగా, సగం చేశాం, కింద ఆ రెండు అక్కణ్ణుంచే వచ్చింది! బ్రేకు పట్టు పెరిగితే దూరం తగ్గాలి, అందుకే ఏ కూడా కిందే!"

ఇద్దరూ ఎర్రటి ఎండలో పిచ్చివాళ్లలా నవ్వుకున్నారు. నవ్వుతూ నవ్వుతూనే ఆడపడుచు కళ్లు తుడుచుకుంది. "పదహారేళ్లు వదినా. ఒక్క పిల్లకైనా ఈ మాట చెప్పలేదు నేను."

"నేను మటుకు? అందరికంటే ముందే బ్రేకు తొక్కుతానని డిపోలో నన్ను నత్త అంటారు. నాకు పిరికితనం కాబోలనుకున్నాను ఇన్నాళ్లూ. నా కాలికి తెలుసన్నమాట!" అంది వదిన.

పరీక్ష రోజు బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో చీఫ్ ఇంజనీరు.

"బస్సు ఆగే దూరానికి సూత్రం చెప్పండి."

ఆమె బుర్రలో వి ముందో ఏ ముందో, అన్నీ కలగాపులగం. కిటికీ లేని గది కళ్ల ముందు కనిపించింది.

"అక్షరాలు జారిపోయాయి సార్. సంగతి చెప్పమంటే చెప్తాను."

"సూత్రమే రాని మనిషి పాఠం ఏం చెప్తుందండీ?" అన్నాడు ఎడమవైపాయన, సున్నా చుట్టడానికి కలం ఎత్తి.

"చెప్పనివ్వండి," అన్నాడు ఇంజనీరు.

ఆమె చెప్పింది. ఒక బస్సు, నాలుగు బస్సులు, రెట్టింపు సేపు, రెట్టింపు జోరు. చెబుతుంటే భయం పోయింది. తన బస్సులో కూర్చున్నట్టే ఉంది.

"మరి నలభై ఐదు వేగంలో?" ఇంజనీరు ముందుకు వంగాడు.

ఇది ఆమె ఎక్కడా చదవలేదు. కాస్త ఆలోచించింది. "ముప్పైకి ఒకటిన్నర రెట్లు. సేపు ఒకటిన్నర, జోరు ఒకటిన్నర... రెండుంబావు బస్సులు సార్."

ఎడమవైపాయన సూత్రం పెట్టి కాగితం మీద రెండుసార్లు లెక్క కట్టాడు. రెండుంబావే వచ్చింది. కలం పక్కన పెట్టేశాడు.

ఇంజనీరు కళ్లజోడు తీశాడు. "మా అమ్మాయికి నిన్ననే లైసెన్సు వచ్చింది. ఈ సూత్రం నేనే దగ్గర కూర్చోబెట్టి బట్టీ పట్టించాను. నిద్రలో లేపినా అప్పజెబుతుంది. ఇప్పుడు మీ మాట వింటుంటే నాకు భయమేస్తోందమ్మా. మీ మొదటి క్లాసుకు తననీ పంపించమంటారా?"

మొదటి క్లాసు అన్నాడని ఆమెకు ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. తెలియగానే లేచి రెండు చేతులూ జోడించింది.

"తప్పకుండా పంపించండి సార్," అంది. "అప్పటిదాకా బండి తాళం మటుకు మీ దగ్గరే ఉంచుకోండి."