ప్రొఫెసరమ్మ ఛానెల్

ఆ సాయంత్రం సెమినార్ హాల్లో కూర్చోవడమే డాల్వాకి నరకమైపోయింది. వేదిక మీద మర్లూసియా. కింద చప్పట్లే చప్పట్లు. ఇద్దరూ ఒకే ఏడు యూనివర్సిటీలో చేరారు, ఒకే గురువు దగ్గర టీవీ సీరియళ్ళ మీద పరిశోధన చేశారు, ఒకే ప్లేట్లో చీజ్ బన్నులు తిన్నారు. అయితే మాత్రం? కడుపు మండేటప్పుడు స్నేహం అడ్డొస్తుందా?

మండటానికి కారణం లేకపోలేదు. డాల్వాకి పేరు తెచ్చిన పుస్తకమంతా సావో పావులో శివార్లలో బ్రసిలాండియా అనే కొండ మీది పేటలో ఒక ఇంటి మీదే నిలబడింది. కుట్టుపని చేసుకునే ముసలమ్మ కుస్తోదియా, ఆవిడ కూతురు జందీరా ఉంటారక్కడ. ఏళ్ళ తరబడి గురువారం గురువారం డాల్వా వాళ్ళింటికి వెళ్ళేది. ఆరింటి సీరియల్ చూస్తున్న వాళ్ళని మూలన కూర్చుని చూసేది. టీవీని కాదు, చూసేవాళ్ళని చూడాలి, నోరు మాత్రం మెదపకూడదు. అదీ ఆవిడ పద్ధతి. గుర్రబ్బళ్ళూ, కాఫీ తోటల దొరలూ ఉండే ఆ సీరియల్ మొదలైతే ఆ ఇంట్లో పొయ్యి మీద చిక్కుళ్ళు మాడిపోతున్నా ఎవరూ లేవరని పుస్తకంలో రాసింది. సావో పావులోలో ఆ మాట వినని విద్యార్థి లేడు.

ఇప్పుడు మర్లూసియా మంగళవారాలు పేటకి వెళ్ళొచ్చి, "ఆరింటి సీరియల్ని అక్కడెవరూ చూడట్లేదు, అందరూ పక్క ఛానెల్లో డబ్బింగ్ టర్కీ సీరియల్‌కి అతుక్కుపోయారు" అని చెబుతోంది. ఏ ఇల్లో చెప్పలేదు. చెప్పకపోతే డాల్వాకి తెలీదా? దాన్ని ఆ ఇంటికి తీసుకెళ్ళి పరిచయం చేసింది తనే!

పరిశోధన కేంద్రానికి కొత్త అధిపతిని వచ్చే వారమే ఒక కమిటీ ఎన్నుకుంటుంది. పోటీలో ఉన్నది వీళ్ళిద్దరే.

'నా ఇంటికొచ్చి నాకే ఎసరు పెడుతుందా! ముసలావిడ నోట్లో మాటలు కుక్కి ఉంటుంది. వాగకుండా కూర్చోవడం దానికెప్పుడు చేతనయింది గనక!' అనుకుంది డాల్వా. పరిశీలనకని వెళ్ళి కబుర్లాడుతోందని కమిటీ ముందు రుజువు చేస్తే చాలు, మర్లూసియా పని అయిపోయినట్టే.

మంగళవారం చెప్పాపెట్టకుండా బస్సెక్కింది. కొండ మెట్లు ఎక్కేసరికి ఆయాసం ముంచుకొచ్చింది. కుస్తోదియా ఇంటి తలుపు తీసే ఉంది. లోపల్నించి ఒకటే గోల.

"ఒసే పిచ్చిమొహమా, వాణ్ణి నమ్మకే! వాడికి ఇస్తాంబుల్లో ఇంకో పెళ్ళాం ఉంది!" టీవీలో పిల్లని తిడుతున్న ఆ గొంతు మర్లూసియాది.

"ఉంటే ఉండనీ! ఆ మీసానికి ఇద్దరేం ఖర్మ, ముగ్గురున్నా తప్పులేదు," అంది కుస్తోదియా. జందీరా పడీపడీ నవ్వుతోంది.

దొరికావే దొంగా, అనుకుంటూ డాల్వా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

నవ్వులు టక్కున ఆగిపోయాయి. ముసలావిడ కంగారుగా లేచింది. "అయ్యో, ప్రొఫెసరమ్మ! ఒసేయ్ జందీరా, రిమోటేదే? మార్చు, మార్చు, అమ్మగారి ఛానెల్ పెట్టు!"

టీవీలో మీసం మాయమై గుర్రబ్బండి వచ్చింది. తల్లీకూతుళ్ళు కాళ్ళు దగ్గరపెట్టుకుని బుద్ధిగా కూర్చున్నారు, అచ్చం గురువారాల్లాగే.

డాల్వా మొహాన కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. "మీరు... ఇది చూడరా?" అంది. టీవీ నడుస్తుండగా ఆ గదిలో ఆవిడ నోరు విప్పడం అదే మొదలు.

"ఎందుకు చూడమమ్మా, మీరొచ్చినప్పుడల్లా చూస్తాంగా," అంది కుస్తోదియా. "మొదటిసారి మీరొచ్చినప్పుడు ఇదే వస్తోంది. కదలకుండా కూర్చుండిపోయారు. పాపం, ఇదంటే ప్రాణం కాబోలు, ఇంట్లో తోడు కూర్చునేవాళ్ళు లేరు కాబోలు అనుకున్నాం. ఇంటికొచ్చిన మనిషిని చిన్నబుచ్చుతామా? మీరుండగా లేస్తే బాగోదని ఒకసారి చిక్కుళ్ళు కూడా మాడబెట్టుకున్నాం."

"నువ్వూరుకోమ్మా!" అని తల్లిని కసిరింది జందీరా. అప్పటికే ఆలస్యమైపోయింది.

డాల్వా వెనక్కి తిరిగింది. మర్లూసియా వెంటపడి మెట్ల దగ్గర చెయ్యి పట్టుకుంది.

"నీ కోసమే ఛానెల్ మారుస్తారని నాకు ఎప్పుడో తెలుసే. నువ్వు చిన్నబోతావనే సెమినార్లో ఈ సంగతి ఎత్తలేదు. ఎక్కడా రాయను కూడా. నీ పుస్తకం జోలికి రాను, ఒట్టు."

అదీ దెబ్బంటే. ముసలావిడ జాలిని ఎలాగో మింగింది గానీ, మర్లూసియా జాలి గొంతు దిగలేదు. కమిటీకి చెప్పి అల్లరి చేసినా బాగుండేది, హాయిగా తిట్టుకుని బతికేది. అసలిది ఎంత గొప్ప సంగతి! చూడ్డానికొచ్చిన మనిషి మొహం చూసి జనం టీవీ చూడటం! ఇది బయటపెట్టినవాళ్ళ పేరు ప్రతి క్లాసులోనూ చెప్పుకుంటారు. అలాంటిదాన్ని ఈ మహాతల్లి ఇన్నాళ్ళూ గుప్పిట్లో దాచుకుని, ఇప్పుడు దానం చేస్తున్నట్టు మాట్లాడుతోందా?

"నువ్వు రాయక్కర్లేదు," చెయ్యి విడిపించుకుంది డాల్వా. "నేనే రాస్తా. ఆ ఇంట్లో వెర్రిదాన్నయింది నేను. దాని గురించి నీకేం తెలుసు?"

"మతిపోయిందా నీకు? ఎన్నిక పెట్టుకుని నీ పరువు నువ్వే తీసుకుంటావా?"

"తీసుకుంటా! నా పరువు, నా ఇష్టం. ఆ పదవి నువ్వే తీసుకుని ఊరేగు. ఇది మాత్రం నీకు దక్కనివ్వను," అనేసి చరచరా మెట్లు దిగిపోయింది.