ఎంగిలి పడిన పేరు

కొత్తరేవులో సోమవారం నుంచి పేర్లు ముద్దలుగా రాలుతున్నాయి. సముద్రం ఒడ్డున జరగబోయే సంగీతోత్సవంలో ఎవరు పాడతారో ఊహించి ఒక పేరు చెప్పగానే, ఆ పేరు చెప్పినవాడి నోట్లోంచి వెచ్చగా, తడిగా, నిమ్మకాయంత ముద్దై అరచేతిలో పడుతుంది. పక్కవాడు దాన్ని తీసుకుని తన నోట్లో వేసుకుంటాడు. కాసేపు నమిలి, "పెద్ద వేదిక మీదే, అనుమానం నేదు" అని తేల్చి, బయటికి తీసి ఇంకొకరికి అందిస్తాడు.

వరహాలమ్మ ఈ పని మొదటిసారి ఎర్రన్న టీకొట్టు దగ్గర చూస్తుంది. ఆమె టీ గ్లాసును పెదాల దగ్గరే ఆపేస్తుంది.

"అది ఎంగిలి కాదేటి?" అని అడుగుతుంది.

"పేరుకి ఎంగిలేటప్పా," అంటాడు ఎర్రన్న. "ఎంగిలి గ్లాసుకి. అందుకే గ్లాసు కడుగుతన్నాను."

ఆ మాటలో తప్పు ఎక్కడుందో ఆమెకు దొరకదు. సగం టీ ఇసుకలో పారబోసి వెళ్ళిపోతుంది.

వరహాలమ్మకు యాభై నాలుగేళ్ళు. పొద్దున ఏడు నుంచి మూడింటి దాకా రొయ్యల షెడ్డులో తలలు తుంచి, వీపులు చీల్చి, నల్లనరం లాగి పారేయడం ఆమె పని. పద్దెనిమిదేళ్ళుగా ఆ నీచు వాసనలో కూర్చుని అన్నం తిన్న మనిషి. అసహ్యమనేది తనకు పుట్టుకతోనే లేదని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చింది.

షెడ్డు పని లేనప్పుడు ఆమె జముకు వాయించి కథ చెబుతుంది. కుంచం లాంటి డబ్బాకు ఒకవైపు తోలు బిగించి, తోలు మధ్యలోంచి నరం లాగి మీటే వాయిద్యం అది. ఆడపడుచు నూకరత్నం పక్కన నిలబడి వంత పాడుతుంది. నూకరత్నం తన పెళ్ళి మాట ఎవరినీ ఎత్తనివ్వలేదు. అన్న పోయాక కూడా వదినను వదల్లేదు. ఇద్దరూ కలిసి చుట్టుపక్కల ముప్ఫై ఊళ్ళలో తెల్లారేదాకా కథలు చెప్పారు. ఐదేళ్ళుగా ఎవరూ పిలవడం లేదు.

ఉత్సవం వాళ్ళు పేర్లు బయటపెట్టలేదు. ఊరంతా పోస్టర్లు మాత్రం అంటించారు. అందులో మూడు వేదికలు, పెద్ద వేదిక, ఇసుక వేదిక, దీపస్తంభం వేదిక. వాటి మీద పన్నెండు నల్లటి తలలు, కళ్ళూ ముక్కూ ఏమీ లేకుండా. జనం చెవి తమ్మెల్ని బట్టి, జుట్టు ముడిని బట్టి, గడ్డం ఒంపుని బట్టి ఊహిస్తున్నారు. వేళ్ళతో తడిమి చూస్తున్నారు. బుధవారానికి ఆ తలలకు చెమట పడుతుంది. వాటిలో ఒకదానికి చెవి వెనక చిన్న కురుపు లేస్తుంది. ఎవరో దాన్ని నొక్కి, వేళ్ళు గోడకు రాసుకుని, "ఇతను వయొలిన్ మనిషే" అంటాడు.

దీపస్తంభం వేదిక మీద చివరి తలకు ముక్కు దగ్గర చిన్న బొడిపె ఉంది.

"ఇది ముక్కుపుడక," అంటాడు గుంపులో ఒకడు. "మన వరహాలమ్మ గాదేటి ఇది?"

ఆమె పేరు అతని అరచేతిలో పడుతుంది.

అప్పుడే షెడ్డు నుంచి వస్తున్న వరహాలమ్మ ఆగిపోతుంది. ముందు ఆమెకు సంతోషమే కలుగుతుంది. ఆ సంగతి తర్వాత ఆమె ఎవరికీ చెప్పదు. పేరు పక్కవాడి నోట్లోకి వెళ్తుంది. వాడు కళ్ళు మూసుకుని నములుతాడు. పెదాల మూల నుంచి సన్నటి చార దిగుతుంది. వాడి దగ్గర్నుంచి ఇంకొకడు అందుకుంటాడు. ఇంకా ఎవరైనా అందుకుంటారా అని ఆమె నిలబడి చూస్తుంది. ఎనిమిది మంది అందుకుంటారు.

ఇంటికెళ్ళి ఉప్పునీళ్ళతో మూడుసార్లు నోరు కడుక్కుంటుంది. ఆ ముద్ద తన నోట్లోనే తిరిగినట్టు ఉంది. దానికన్నా ఎక్కువగా, అక్కడ నిలబడి లెక్కపెట్టిన తన మీద తనకే రోత పుడుతుంది.

మర్నాడు పొద్దున షెడ్డులో సూపర్‌వైజరు కనకారావు హాజరు పిలుస్తాడు. ఆమె వంతు వచ్చేసరికి నోరు తెరుస్తాడు. ఏ చప్పుడూ రాదు. కాసేపు అలాగే తెరిచి ఉంచి, మూసి, తర్వాతి పేరు పిలుస్తాడు. ఆమె పీట మీద వేరే మనిషి కూర్చుంటుంది.

ఇంటికి తిరిగొచ్చి జముకు తీస్తుంది. కథ ఎత్తుకునే ముందు తనెవరో చెప్పుకోవాలని అమ్మమ్మ నేర్పిన పద్ధతి. చెప్పుకుంటేనే నరం బిగుస్తుంది. వరహాలమ్మ నోరు తెరుస్తుంది. నాలుక కదులుతుంది గానీ దాని మీద పేరు లేదు. జముకు నరం ఉడికిన పేగులా మెత్తగా వేలాడుతుంది.

"ఒదినా," అంటుంది నూకరత్నం వాకిట్లోంచి. "నీ పేరు ఊళ్ళో తిరుగుతంది. ఎల్లి తెచ్చుకో. అలా ఒదిలేస్తే అరిగిపోద్ది."

పేర్లన్నీ చేరేది పాత వలల షెడ్డుకు. అక్కడ దాలినాయుడు ఉంటాడు. టెలిఫోను లైన్‌మేన్‌గా పనిచేసి రిటైరైన మనిషి. ఈ ఊరి ఊహాగానాలకు ఆయనే పెద్ద. లోపల మనుషులు వేదికల వారీగా మూడు వరసల్లో బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. కొత్త ఊహ ఒకటి తేలినప్పుడల్లా షెడ్డు ఒక మూర పొడుగవుతుంది. ఇప్పటికి అటు చివర పక్క ఊళ్ళో ఉంది.

నేల జిగటగా ఉంది. వరహాలమ్మ చెప్పులు అతుక్కుపోతాయి. వాటిని వదిలేస్తే ఒట్టికాళ్ళతో నడవాలి. అందుకని ఒక్కో అడుగూ పీకి పీకి వేస్తూ వెళ్తుంది.

"నాయుడు బాబూ, నా పేరు కావాల."

దాలినాయుడు మర్యాదగా లేచి నిలబడతాడు. "పొద్దున్న పెద్ద వేదిక మీదుండేదమ్మా. మజ్జానం ఇసక వేదిక్కి దింపేరు. ఇప్పుడెవరి నోట్లో ఉందో సూడాల."

"అది నాది."

"నీ పేరెట్టి నిన్ను నువ్వెప్పుడైనా పిల్సుకున్నావా? పిల్సేది ఊరోళ్ళే గదా. వాడేవోళ్ళ దగ్గరే ఉంది. పోయిందని ఎలాగంటావు?"

"నాకు రోతగా ఉంది బాబూ."

"నిన్ను తల్సుకోకపోతే బాగుండునా?" అంటాడు దాలినాయుడు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

వరహాలమ్మ మొదటి వరసలో మొదటివాడి ముందు వంగుతుంది. "నోరు తెరు నాయనా," అంటుంది.

అందరూ వినయంగా తెరుస్తారు. ఆమె ఒక్కో నోట్లోకీ తొంగి చూస్తూ వెళ్తుంది. కొన్ని పేర్లు పళ్ళ సందుల్లో ఇరుక్కుని పచ్చబడ్డాయి. కొన్ని నాలుకల కింద పడుకుని ఊపిరి తీసుకుంటున్నాయి. బాగా పేరున్నవాళ్ళ పేర్లు అరిగిన సబ్బుబిళ్ళల్లా నున్నగా ఉన్నాయి, వాటికి ఎవరెవరివో వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. ఒక ముసలాయన నోట్లో ఏడు పేర్లు కలిసి ఒకే ముద్ద అయిపోయాయి. ఆయనకు ఆ ముద్ద మింగుడూ పడదు, కక్కడానికీ రాదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి గానీ ముఖం తృప్తిగానే ఉంది.

ఆమె పేరు మూడో వరసలో కనకారావు బుగ్గన దొరుకుతుంది.

"తియ్యి కనకారావు."

"ఇంకా రసం ఉందప్పా," అంటాడు అతను, మాట ముద్దగా.

ఆమె చెయ్యి చాపి నిలబడుతుంది. రొయ్యల నరాలు లాగిన చెయ్యి అది. కనకారావు అందులో ఉమ్ముతాడు. పేరు బూడిదరంగులో, చప్పిడిగా, ఒకవైపు సొట్టపడి ఉంది. షెడ్డు సందులోంచి పడే ఎండకు పట్టి చూస్తుంది. వరలమ్మ అని ఉంది.

"ఇందులో హా ఏదిరా?"

కనకారావు ఆలోచిస్తాడు. "ఎవరో నవ్వేసుంటారప్పా. నువ్వు పాడతావనగానే కొందరు నవ్వేరు."

ఇంటి దగ్గర నూకరత్నం చింతపండు నానబెట్టి ఉంచింది. ఇద్దరూ కలిసి చింతపండుతో తోముతారు. తర్వాత బూడిదతో తోముతారు. వేడినీళ్ళలో ముంచి తీస్తారు. ఎండుచేపల పక్కన చాప మీద ఆరబెడతారు. కాకులు చేపల కోసం వచ్చి, దాన్ని చూసి, చేపల్ని కూడా వదిలేసి వెళ్ళిపోతాయి. ఎంత ఎండలో పెట్టినా దాని తడి ఆరదు.

"నోట్లో ఎట్టుకో ఒదినా," అంటుంది నూకరత్నం. "ఎల్లుండే ఉత్సవం. కళ్ళు మూసుకుని ఎట్టుకో."

వరహాలమ్మ దాన్ని పెదాల దాకా తీసుకెళ్తుంది. అందులోంచి టీకొట్టు పొగ, ఎవరిదో పిప్పిపన్ను, ఎవరిదో చుట్ట, కనకారావు పొద్దున తిన్న చద్దన్నం, అన్నీ విడివిడిగా వాసన వేస్తాయి. చెయ్యి దించేస్తుంది.

"నా వల్ల కాదే రత్నం. కుళ్ళిన రొయ్యనైనా తింటాను గానీ."

ఉత్సవం రోజు పొద్దున్నే కళాకారుల బస్సు వస్తుంది. తలుపు తెరుచుకుంటుంది, ఎవరూ దిగరు. పదకొండు మంది వాయిద్యాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. కండువా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన కిటికీలోంచి తల బయటపెట్టి, జముకు పట్టుకుని ఒడ్డున నిలబడ్డ వరహాలమ్మను పిలుస్తాడు.

"ఏమ్మా, నన్ను జనం ఏమని పిలుస్తారో నీకేమైనా తెలుసా? నిన్నటి దాకా తెలిసేది."

ఉత్సవం తరఫున వచ్చిన అమ్మాయి చేతిలో అట్ట, కాగితం పట్టుకుని నిలబడి ఉంది. ఆమె పేరు చారుమతి. కాగితం మీద మూడు వేదికలున్నాయి, వాటి కింద తడి మరకలున్నాయి. "ఎవరికి వాళ్ళు పేరు చెప్పి ఎక్కాలండీ," అంటుంది. "రూల్ అంతే. పేరు చెప్పకపోతే మైకు పనిచెయ్యదు."

ఊరి జనం మూడు వరసల్లో వచ్చి, నోళ్ళలోంచి ముద్దలు తీసి, రెండు చేతులా పట్టుకుని భక్తిగా అందిస్తారు. కండువా ఆయన తన ముద్దను చూస్తాడు. రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంటాడు. చాలాసేపటి తర్వాత రుమాలు తీసి, ముద్దను మింగుతాడు. పెద్ద వేదిక ఎక్కి పేరు చెబుతాడు. మైకు పలుకుతుంది. ఆయన పాడుతుంటే పాటలో ఎనభై మంది ఊపిరి వస్తుంది. ఒక్కో స్వరం చివరా ఎవరో చప్పరిస్తున్న చప్పుడు. జనం తమ తమ చప్పుళ్ళు గుర్తుపట్టి తలలూపుతారు.

పాట మధ్యలో ఆయన ఆగి, మెట్లు దిగి, వేదిక వెనక్కి వెళ్ళి కక్కుకుంటాడు. ఆ చప్పుడుకు కూడా చప్పట్లు కొడతారు.

చారుమతి వరహాలమ్మ వైపు తిరిగి, ఆమె ముక్కుపుడకను పోస్టరు మీది చివరి తలతో పోల్చుకుంటుంది. "దీపస్తంభం వేదిక మీరేనండీ. పేరు?"

వరహాలమ్మ కొంగుముడి విప్పుతుంది. వరలమ్మ అక్కడే ఉంది, కొంగును తడిపేసి. ఇది మింగితే పాడవచ్చు. ఐదేళ్ళుగా ఎవరూ పిలవని మనిషికి అంతకన్నా ఏం కావాలి? కనకారావు ముందుకు వంగి చూస్తున్నాడు. గుంపులో కొందరి నోళ్ళు ఊరడం ఆమెకు కనిపిస్తుంది.

ఆమె ముద్దను కింద పడేస్తుంది. కాలితో ఇసుక కప్పుతుంది. ఒక కుక్క వచ్చి తవ్వి, వాసన చూసి, తిరిగి తనే కప్పి వెళ్ళిపోతుంది.

చెప్పులు కింద వదిలి వేదిక ఎక్కుతుంది. నూకరత్నం పక్కన నిలబడుతుంది. వరహాలమ్మ జముకును చంకన ఇరికించుకుని మైకు ముందుకు వస్తుంది.

"నేను నూకరత్నానికి ఒదిన్ని," అంటుంది.

చారుమతి కాగితం చూస్తుంది. "అది పేరు కాదండీ."

"దాన్ని ఎవులైనా నమిల్తే నమలమను," అంటుంది వరహాలమ్మ. "అలాగ నన్ను పిల్సేది ఇదొక్కత్తే."

మూడు వరసల వాళ్ళూ ప్రయత్నిస్తారు. ఒదిన, ఒదిన అని నోళ్ళు కదుపుతారు. ఎవరి నోట్లోంచీ ఏమీ రాలదు. నరం తనంతట తను బిగుసుకుంటుంది. ఆమె మీటుతుంది. మైకులో జముకు గుర్రుమంటుంది. ఉప్పుమళ్ళలో దారి తప్పిన ఒక ఆడమనిషి కథ ఎత్తుకుంటుంది. నూకరత్నం వంత అందుకుంటుంది. ఇద్దరి గొంతుల్లో ఇద్దరి ఊపిరే ఉంది.

బస్సులోంచి సన్నాయి పట్టుకున్న ఒకాయన తడుముకుంటూ దిగుతాడు. వేదిక కింద నిలబడి, "నేను మా అక్కకి తమ్ముణ్ణి," అంటాడు మెల్లగా. అతని సన్నాయి చిన్నగా పలుకుతుంది. అతని వెనక ఇంకొకరు దిగుతారు. కండువా ఆయన కూడా మూతి తుడుచుకుని వచ్చి ఇసుకలో కూర్చుంటాడు. తనెవరికి ఏమవుతాడో గుర్తు చేసుకుంటూ ఉంటాడు.

గుంపులో ముందు దాలినాయుడు తన నోట్లో ఇంకా మిగిలి ఉన్న ఊరందరి ఎంగిలిని గమనిస్తాడు. ముఖం మారిపోతుంది. పక్కకు తిరిగి ఉమ్ముతాడు. తర్వాత కనకారావు, తర్వాత ఏడు పేర్ల ముసలాయన. ఊరు ఊరంతా వంగి ఉమ్ముతుంది. వరహాలమ్మ వాళ్ళ వైపు చూడదు. చూస్తే కథ ఆగిపోయేలా ఉంది.

కథ సగానికి వచ్చేసరికి సముద్రం వెనక్కి వెళ్తుంది. పోయిన నీళ్ళన్నీ ఆకాశం అంచున ఒక్కచోట చేరి గడగడమని పుక్కిలించినట్టు మోగుతాయి. తర్వాత అవతలి వైపుకు ఉమ్మేసిన చప్పుడు వినిపిస్తుంది. ఇక నీళ్ళు రావు.

నీళ్ళున్న చోట నేల గులాబిరంగులో, గీతలు గీతలుగా, వెచ్చగా ఉంది. ఇద్దరూ పాడుతూనే వేదిక దిగి దాని మీద నడుస్తారు. ఒట్టికాళ్ళకు అది మెత్తగా తగులుతుంది, కొద్దిగా కదులుతుంది. నూకరత్నం వదిన మోచేయి పట్టుకుంటుంది.

దూరాన, పడవలు కనబడకుండా పోయే చోట, ఆకాశం నుంచి ఎర్రటి కొండనాలుక ఒకటి వేలాడుతోంది, నిజంగానే కొండంత. దాని మీద తెల్లకొంగలు బారులు తీరి వాలి ఉన్నాయి. అది ఊగినప్పుడల్లా కొంగలన్నీ ఒకేసారి కాలు మార్చుకుని, మళ్ళీ ఒంటికాలి మీద నిద్రపోతాయి.