ఎడమచేతి స్విచ్చు

రవ్నా పెద్దమ్మ ఎడమచేతికి బొటనవేలూ చూపుడువేలూ లేవు. విసిరిన ఉచ్చుతాడు చేతికి చుట్టుకున్నప్పుడు అవతలి కొసన ఉన్న పోతు రెయిన్‌డీరు ఒక్క గుంజు గుంజింది, అంతే. ఆ రోజు ఎవరూ పెద్దమ్మను ఏమీ అనలేదు. నిరుడు మాత్రం అందరూ అన్నారు.

నిరుడు మంచు పడక ముందు అందరి రెయిన్‌డీర్లూ కలిసిన మందను కొండల్లోంచి కంచెలోకి తోలుకొస్తున్నాం. చీకటి పడేవేళకు మంద కంచె మొగదాకా వచ్చింది. వెనక వచ్చే బండ్లన్నీ అక్కడ దీపాలు ఆర్పేయాలి. వెనక వెలుతురుంటే రెయిన్‌డీర్లకు తమ నీడలే ఎదురుగా కంచె మీద లేచి కనబడతాయి. బెదిరి వెనక్కి తిరిగాయంటే ఇక అవి ఆగవు. పెద్దమ్మ తోలే నాలుగు చక్రాల ఏటీవీ బండికి బిగించిన పెద్ద దీపాల స్విచ్చు హ్యాండిల్ మధ్యలో, మీటరు పక్కన ఉండేది. ఎడమచేత్తో నొక్కడానికి వేళ్ళు లేవు. కుడిచెయ్యి తీస్తే ఆక్సిలరేటరు వదలాలి. వదిలింది. బండి ఆగింది గానీ, తొందరలో చెయ్యి స్విచ్చు మీద పడలేదు. దీపాలు అలాగే వెలుగుతున్నాయి. మంద మొత్తం వెనక్కి తిరిగి ఆమె పక్కనుంచే కొండల్లోకి పోయింది.

ఈ ఏడు మంద తోలే ముందు అందరం కూర్చున్నప్పుడు ఆమె మరిది ఐలు మొదలుపెట్టాడు.

"వదినా, ఈసారి నువ్వు గుడారం దగ్గరుండు. కాఫీ కాయి, మాంసం ఉడకెయ్యి. నీ జంతువుల సంగతి నేను చూసుకుంటాలే."

ఆ చివరి మాట చూడండి. దెబ్బ అక్కడుంది. మాలో మంద తోలనివాళ్ళ మాట కంచెలో చెల్లదు. ఏది కోతకు పోవాలి, ఏది మళ్ళీ కొండకు పోవాలి అన్నది తోలినవాళ్ళే చెబుతారు. చెవి మీద కోసిన గుర్తు నీదే ఉంటుంది, మాట ఇంకొకడిదవుతుంది. మొగుడు పోయిన ఆడదాని మందను ఇలా ప్రేమగా చూసుకున్న మరుదులను నేను చాలామందిని చూశాను. ఒక్కడి మంద కూడా తగ్గలేదు.

"నేనూ తోలతా," అంది పెద్దమ్మ.

"దీపం ఎట్లా ఆర్పుతావు? నోటితో ఊదుతావా?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

"స్విచ్చు నేను మారుస్తా బాబాయ్. నోరు నువ్వు కాస్త మూసుకో."

ఐలు నవ్వు ఆపాడు. "మార్చు. ఈసారి కూడా మంద తిరిగిందంటే మాత్రం వదిన మళ్ళీ బండెక్కదు. అందరి ముందూ చెబుతున్నా."

పెద్దమ్మ సరేనంది.

నేను పట్నం వెళ్ళి స్విచ్చుల వరస ఒకటి తెచ్చాను. నాలుగు చదును బటన్లు, ఒక్కోదాని మీదా దీపం బొమ్మ, నీలంగా వెలుగుతుంది. నీళ్ళు దూరవు. చూడ్డానికి బాగుంది. పెద్దమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తోలు చేతితొడుగులు తొడుక్కుంది.

"ఏదీ, ఏ బటన్ మీద చెయ్యేశానో చెప్పు. తొడుగులోంచి నాకు తెలీడం లేదు."

"నువ్వే చూసుకోవచ్చుగా."

"మందను చూడనా, నీ బటన్ను చూడనా? ఆ నీలం వెలుగు కళ్ళలో కొడుతుంటే చీకట్లో జంతువు ఎక్కడ కనబడుద్దే?"

వీటిని తయారుచేసేవాడు ఒక్కసారైనా తొడుగు వేసుకుని నొక్కి చూశాడా? వాడికి అవసరం లేదు. వాడి చేతికి వేళ్ళన్నీ ఉన్నాయి, వాడి గది వెచ్చగా ఉంది.

దాన్ని పక్కన పడేసి, పొడుగు పుల్ల ఉన్న పాతరకం స్విచ్చు తీశాను. పెద్దమ్మను బండి మీద కూర్చోబెట్టి, ఎడమ మోకాలు తగిలేచోట బిగించాను. మోకాలితో తోస్తే ఆరింది. మళ్ళీ తోస్తే వెలిగింది. నాకు సంబరమేసింది. పెద్దమ్మ బండి తీసుకుని అవతలి బీడులో ఒక చుట్టు తిరిగొచ్చింది. ఆ చుట్టంతా దీపాలు పిచ్చిపట్టినట్టు వెలుగుతూ ఆరుతూనే ఉన్నాయి.

"మంద తోలేటప్పుడు ఎవరే కూర్చునేది?" అంది దిగి.

నిజమే. ఒక మోకాలు సీటు మీద మోపి, సగం లేచి, మంద మీదుగా చూస్తూ తోలతాం. నేను పుట్టినప్పటినుంచి అలాగే తోలుతున్నాను. గ్యారేజీలో మాత్రం ఆమెను సీటు మీద దొరసానిలా కూర్చోబెట్టి కొలత తీసుకున్నాను.

ఈసారి నేనే తొడుగులు వేసుకుని, ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ మడిచి గుడ్డతో కట్టేసుకుని, మోకాలు మోపి బీడంతా తిరిగాను. బ్రేకు మీద మూడు వేళ్ళు పెడితే అరచేతి కిందిభాగం హ్యాండిల్ లోపలివైపు పడుతోంది. స్విచ్చును అక్కడ బిగించాం.

"కిందికి తోస్తే ఆరాలి," అంది పెద్దమ్మ. "వెలిగించడానికి తీరిగ్గా వెతుక్కోవచ్చు. ఆర్పడానికి టైముండదు. చెయ్యి బరువుకే ఆరిపోవాలి."

కొమ్మలు తగిలి పుల్ల లేవకుండా పాత పార రేకు వంచి చుట్టూ అడ్డం పెట్టాను. దీపాల కరెంటు ఆ చిన్న స్విచ్చు మోయలేదు కాబట్టి దాన్ని మోసే రిలే, ఫ్యూజు సీటు కింద పెట్టి, స్విచ్చుకు సన్నని వైరు మాత్రం లాగాను. హ్యాండిల్ పూర్తిగా తిప్పినా వైరు బిగుసుకోకుండా కాస్త వదులు ఉంచాను.

తోలే రోజు వచ్చింది. నేల గడ్డకట్టి గట్టిగా మోగుతోంది. కంచె మొగ దగ్గరకు వచ్చేసరికి మసకచీకటి. నేను కుడివైపు, పెద్దమ్మ ఎడమవైపు, ఐలు మధ్యలో. నా దీపాలు ఆర్పాను. ఐలువి ఆరాయి. ఎడమవైపు ఇంకా వెలుగుంది. మంద అంచున రెండు ఆడవి తల తిప్పాయి.

వెలుగు ఆరింది.

ఆ తల తిప్పినవి కాసేపు నిలబడ్డాయి. వెనక వచ్చేవి వాటిని తోసుకుంటూ లోపలికి పోయాయి. గిట్టల టకటక తప్ప ఇంకేమీ వినబడలేదు. ఎవరో గేటు లాగేశారు.

మర్నాడు పొద్దున కంచెలో ఏరడం మొదలైంది. పెద్దమ్మ చెవిగుర్తు ఉన్న మంచుబండి లాగే ముసలి పోతు ఒకటి ఉచ్చులో పడింది. పోయిన పెదనాన్న తన చేత్తో మాలిమి చేసిన జంతువు అది. పళ్ళు అరిగిపోయాయి, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ఐలు అలవాటుగా నోరు తెరిచాడు.

"దీన్ని కొండకు..."

అక్కడే ఆగాడు. పెద్దమ్మ వైపు తిరిగాడు. మిగతావాళ్ళూ తిరిగారు.

"నువ్వే చెప్పు వదినా."

పెద్దమ్మ దాని మెడ మీద ఆ మూడువేళ్ళ చెయ్యి వేసింది. అది ఆమె తొడుగు వాసన చూసింది.

"చలికాలం దాటదు," అంది. "కోతకు."

"అన్నయ్య జంతువు వదినా అది. ఇంకోసారి ఆలోచించు."

"నాది," అంది పెద్దమ్మ. తాడు తనే పట్టుకుని, కోతకు పోయే అవతలి గేటువైపు నడిపించుకుపోయింది.