పాల సంఘం గోడకు కట్టిన నాలుగు పేజీలు

గోడకు కట్టిన నా పత్రికను ఎవరో తీసి మళ్లీ కట్టారు, దారం ముడి నాది కాదు, నేను రెండు చుట్లు చుట్టి ముడి వేస్తాను, ఇది ఒక చుట్టే, గాలికి ముడి మారదు కదా, చేతిలో పాల క్యాను బరువుగా ఉంది, వరుసలో నా ముందు ఇంకా నలుగురున్నారు, గోడ వైపు మరీ చూడకూడదు, అయినా చదివేదెవరు, మా ఊరు పిక్కిలిలో తెలుగు అక్షరాలు వచ్చింది తాతకు, తాత పోయాక నాకే, అందరం ఇళ్లలో తెలుగే మాట్లాడతాం, చదవడానికి మాత్రం అందరికీ అరవమే, అందుకే నా డైరీని ఎప్పుడూ దాచలేదు, మా అన్న దేవరాజన్ దాని మీద టీ గ్లాసు పెట్టుకుంటాడు, అంతే.

మా బడిలో వేదవల్లి టీచర్ వల్లే ఇదంతా, నీకు నువ్వే రాసుకుంటా ఉంటే బదులు చెప్పేది ఎవరు పాపా, చేతిరాత పత్రిక ఒకటి పెట్టు, నీ భాషలోనే పెట్టు అన్నారు, నాలుగు పేజీలు రాసి చివరి పేజీ ఖాళీగా వదిలాను, పైన మాత్రం, చదివినవాళ్లు ఒక మాట రాయండి అని పెట్టాను, సోమవారం ఇక్కడ మేకుకు కడుతుంటే పాలు కొలిచే రంగరాజు మామ, ఏమ్మే, మన మాటకి ఎళుత్తు కూడా ఉండాదా, అక్షరాలు జాంగిరి చుట్టినట్టు ఉండాయే అన్నాడు, పాలు పోయడానికి వచ్చిన సెంగోడన్ అన్న వెంటనే, అది చదివేకి కాదు మామా, ఎనుములకి దిష్టి తగలకుండా కట్టింది అన్నాడు, అందరూ నవ్వారు, నాకు చెవులు కాలిపోయాయి, కానీ లోపల ధైర్యంగానే ఉంది, ఎవరికీ రాదు కదా అని.

ఆ ధైర్యంతోనే అమ్మ సంగతి రాశాను, పోయిన ఏడాది పెన్నాగరం బస్టాండులో ధర్మపురి బస్సనుకుని హొగేనకల్ బస్సెక్కింది, కండక్టరు దించేశాడు, చదువు రాని మనిషితో ఊరికి పోవడం ఎంత కష్టమో అని నవ్వు వచ్చేట్టు రాశాను, వరుస కదిలింది, గోడ పక్కకు వచ్చాను, చివరి పేజీ తిప్పాను, పెన్సిలుతో ఒక వరుస, తెలుగులో.

బోర్డు నువ్వు చూసినావు గదా, ఏల చెప్పలేదు.

ఎవరు, టీచరా, ఆమెకు తెలుగు చదవడం రాదు, మా అన్న ఎవరిచేతనైనా రాయించాడా, ఏడిపించడానికి, రంగరాజు మామ ఎందుకు నా వైపు చూసి తల దించుకున్నాడు, సెంగోడన్ అన్న నవ్వు ఇవాళ వేరుగా ఉంది, అసలు నేను బోర్డు చూసిన సంగతి వీళ్లకెలా తెలుసు, ఆ మాట పత్రికలో రాయలేదు, డైరీలోనూ రాయలేదు, నిజమే, చూశాను, బస్సు మీద అరవంలో హొగేనకల్ అని పెద్ద అక్షరాలు, నా తరగతి పిల్లలు బంకు దగ్గర నిలబడి ఉన్నారు, పాత చీర కట్టుకుని సంచీ నెత్తిన పెట్టుకున్న మనిషి మా అమ్మ అని తెలియకూడదని దూరంగా నిలబడ్డాను, పిలిస్తే తెలిసిపోతుంది, పిలవలేదు, కండక్టరు కేకలేస్తుంటే అమ్మ దిగుతూ ఒక్కసారి నా ముఖంలోకి చూసింది.

ఆ ముఖాన్ని చూసింది ఒక్కరే.

అమ్మ కుప్పం పక్క పల్లె నుంచి పెళ్లయి వచ్చింది, అక్కడ బడి తెలుగే కదా, ఇది నాకెప్పుడూ ఎందుకు తట్టలేదు, తాత నాకు ఇసుకలో అక్షరాలు దిద్దిస్తుంటే అమ్మ పొయ్యి దగ్గరి నుంచి చూస్తూ ఉండేది, వేడుకకు చూస్తోందనుకున్నాను, టేబుల్ మీది డైరీని రోజూ తుడిచి పెట్టేది, ఎన్ని పేజీలు చదివిందో, ఏడాదిగా నోటితో అడగని మాట ఇప్పుడు, రాయండి అని నేనే అడిగితే, రాసింది, ఏం పాపా, క్యాను ఇస్తావా, అట్లే నిలబడతావా అంటున్నాడు రంగరాజు మామ, రిజిస్టరులో అమ్మ పేరుకు ఎదురుగా తొమ్మిదేళ్ల వేలిముద్రలు, అమ్మ వచ్చినప్పుడల్లా ఆయన ఇంకు డబ్బా ముందుకు తోస్తాడు, అమ్మ వేలు అద్దుతుంది, అమ్మకు రానిది అరవం ఒక్కటే, చదువు రాదన్నది మేము, నీకేం వచ్చు అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు, నేను కూడా.