వీధి వైపు కిటికీ

"ఇంటికి కూడా ముఖం ఉంటుంది అలైదా. మనింటి ముఖం చూస్తే నాకే సిగ్గేస్తోంది," అన్నాడు యోస్ట్, కాఫీ కప్పు పక్కకు జరుపుతూ.

అలైదా అప్పుడు వీధి వైపు కిటికీ అద్దం తుడుస్తోంది. వారం వారం ఆ అద్దాన్ని తళతళలాడించడం పెళ్ళినాటి నుంచీ ఆమె పనే. వుర్డెన్ ఊళ్ళో ఆ వీధి పొడుగునా అన్నిళ్ళదీ ఒకటే తీరు. గోడంత కిటికీ, గట్టు మీద జంట పూలకుండీలు, ఎప్పుడూ పక్కకు నెట్టేసి ఉండే తెరలు. వీధిలో నిలబడి చూస్తే ముందు గదిలోంచి వెనక తోట దాకా కనిపిస్తుంది. చీకటి పడి దీపాలు వేసినా తెర మూయరు. మూస్తే ఏదో దాస్తున్నట్టే లెక్క. భర్త పోయాక ఎదురింటి కోబాకు టీవీ కన్నా పక్కవాళ్ళ కిటికీలే కాలక్షేపమని యోస్ట్ వెక్కిరిస్తుంటాడు.

ఆ కాలక్షేపమే పోయిన శీతాకాలం అలైదాను కాచింది. బఠాణీ సూప్‌లో ఉప్పు ఎక్కువైన సాయంత్రం అది. యోస్ట్ ఆమె జుట్టు పట్టుకుని తలను బల్ల మీదికి వంచాడు. రెండో చెయ్యి ఎత్తాడు. అంతలో గంట మోగింది. గుమ్మంలో కోబా, చేతిలో ఖాళీ గిన్నె. "రెండు గుడ్లుంటే ఇస్తావా అమ్మాయ్?" అంది. పెరట్లో కోళ్ళు పెంచుకునే మనిషి గుడ్ల కోసం వచ్చింది! పుచ్చుకున్నది పుచ్చుకుని పోకుండా కుర్చీ లాక్కుని కూర్చుంది. యోస్ట్ మొహంలోకి చూస్తూ వానల గురించి, మోకాళ్ళ గురించి కాఫీ చల్లారేదాకా తీరిగ్గా మాట్లాడి వెళ్ళింది. యోస్ట్ నవ్వుతూనే సాగనంపాడు. ఆ తర్వాత అతని చెయ్యి లేవలేదు. లేవబోయినప్పుడల్లా కళ్ళు ముందు కిటికీ వైపు వెళ్ళేవి. అలైదా ఆ కళ్ళనే చూసేది.

ఇప్పుడు ఇంటి ముఖం గుర్తొచ్చిందంటే ఎందుకో ఆమెకు వేరే చెప్పక్కర్లేదు. తెర మూస్తే వీధి గుసగుసలాడుతుంది. అదే కిటికీకి అడ్డంగా పచ్చటి కంచె వేస్తే వీధి మెచ్చుకుంటుంది.

"తలుపుకి ముదురాకుపచ్చ రంగు వెయ్యి. ఆ గడ్డి పీకేసి ఇటుకల దారి పరుచు. వీధి అంచున లిగస్టర్ మొక్కల కంచె పెట్టు, మనిషి కన్నా ఎత్తుది. చలికాలం లోపల అయిపోవాలి," అన్నాడు.

"కంచె అంతెత్తుంటే గదిలోకి వెలుతురు రాదేమో."

"దీపాలున్నాయిగా."

అన్నీ అతని ఆలోచనలు, అన్నీ ఆమె నడుం నొప్పులు. సెప్టెంబరంతా ఆఫీసు నుంచి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని ఇటుకలు పరిచింది. గోళ్ళలో రంగు, వేళ్ళ సందుల్లో మట్టి. అత్తగారు వచ్చి కారులోంచి దిగకముందే మురిసిపోయింది. "మా యోస్ట్‌కి ఎంత అభిరుచో! నీ పుట్టింటివాళ్ళది మొక్కల వ్యాపారమే కదా అలైదా, ఇన్నేళ్ళలో నీకు తోచిందా చెప్పు?" అంది. సైకిల్ మీద పోయేవాళ్ళు కూడా ఆగి "మీ ఆయన ఇంటికి కళ తెచ్చాడమ్మా" అనేవారు. పలుగు మాత్రం ఆమె చేతిలో ఉండేది. ఆమెకు ఒళ్ళు మండిపోయేది, ఆ మంట పలుగుకే తెలుసు.

కంచె మొక్కల కోసం బోస్కోప్‌లో తన అన్న మొక్కల తోటకు వెళ్ళింది. లిగస్టర్ రెండు వరసల్లో నిలబడి ఉంది. రెండూ ఒకే ఎత్తు, ఆకులు అక్కాచెల్లెళ్ళలా ఉన్నాయి. ఒకటి చలికాలంలోనూ ఆకు నిలుపుకునే జాతి. రెండోది నవంబరు గాలికి మోడైపోయే అడవి జాతి. చిన్నప్పుడు ఈ రెండింటి మధ్యే దాగుడుమూతలాడింది.

"ఇంటి ముందుకేగా, ఇది పట్టుకుపో. ఏడాదంతా పచ్చగా ఉంటుంది," అన్నాడు అన్న.

యోస్ట్ లిగస్టర్ అన్నాడంతే. ఏ లిగస్టరో చెప్పలేదు. అతనికి తెలియదు కూడా.

"వద్దన్నయ్యా, ఆ రెండోది ఇయ్యి," అంది అలైదా.

అక్టోబరులో కంచె చిక్కగా నిలబడింది. కోబా ఇల్లు కనిపించడం మానేసింది. ఒక సాయంత్రం అలైదా గరిటె తిప్పుతుంటే యోస్ట్ వెనకనుంచి వచ్చి ఆమె మెడ మీద చెయ్యి వేశాడు. "ఎంత ప్రశాంతంగా ఉందో చూశావా? ఇప్పుడు మనిల్లు మనదే," అన్నాడు మెత్తగా. చెయ్యి తియ్యలేదు. "ఉప్పు చూసుకుని వెయ్యి." వేళ్ళు కొంచెం బిగిశాయి. ఆమె గరిటె తిప్పుతూనే ఉంది. ఏళ్ళుగా నాలుక చివర ఉన్న మాట ఆ పూట కూడా మింగేసింది. ఎవరూ చూడని గదిలో ఆ మాట అంటే తనకేమవుతుందో ఆమెకు తెలుసు. భయంతో రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. పొద్దున్నే లేచి ఆకులు ముట్టుకుని చూసేది.

నవంబరు మొదట్లో ఆకులు పసుపు తిరిగాయి. "ఇదేంటిలా?" అన్నాడు యోస్ట్. "కొత్తగా నాటాం కదా, వేరు కుదురుకుంటోంది," అంది. అబద్ధం ఇంత తేలిగ్గా వస్తుందని ఆమె అనుకోలేదు.

తర్వాత తుపాను గాలి రెండ్రోజులు ఏకబిగిన కొట్టింది.

గాలి ఆగిన సాయంత్రం అలైదా త్వరగా ఇంటికొచ్చి కోటు, బూట్లు విప్పకుండానే ఇంట్లో ఉన్న దీపాలన్నీ వేసింది. అద్దం ఇంకోసారి తుడిచింది. యోస్ట్ లోపలికి రాగానే కిటికీ దగ్గర ఆగిపోయాడు. బయట ఉత్త పుల్లలు. వాటి వెనక వీధి, వీధికవతల దీపం కింద కుర్చీలో కోబా.

"చచ్చిపోయాయా అవి?"

"లేదు, బతికే ఉన్నాయి. వాటి జాతే అంత. చలికాలం ఆకు ఉంచుకోవు."

అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక మొహం నల్లబడింది. "తెర ముయ్యి," అన్నాడు. ఆ వీధిలో ఎవరూ అనని మాట.

అలైదా కదల్లేదు. కిటికీకి మధ్యలో, వెలుతురు బాగా పడే చోట నిలబడింది.

"ముయ్యను యోస్ట్. నేను వెళ్ళిపోతున్నాను."

అతను చెయ్యెత్తి, అలవాటుగా వీధి వైపు చూశాడు. కోబా అప్పటికే ఖాళీ గిన్నె పట్టుకుని గుమ్మం దిగుతోంది.