బీడు అన్న మాట

మా మరిది నోరు జారలేదు. ఉన్న మాటే అన్నాడు. ఆ ఉన్న మాటే మా పై చేను మెడకి ఉరితాడయింది.

ఎగువన గని తవ్వకం మొదలయ్యాక మా పొలాల మీద ఎర్రదుమ్ము పేరుకుంది. నువ్వుచేను పూతకొస్తే పువ్వు నిండా దుమ్మే, కాయ కట్టదు. గనిలో మందు పేల్చినప్పుడల్లా బావి అంచు రాళ్లు నీళ్లలోకి రాలేవి. గేదె కూడా గడ్డిని ముందు విదిలించి, తర్వాత తినేది. అయినా సేద్యం మానలేదు. ఒక ఏడు కింది చేను వేసి పై చేను ఆపుతాం. మరుసటి ఏడు అది వేసి ఇది ఆపుతాం. మా మామగారి కాలం నుంచీ అంతే. ఆపిన చేనుని మేం బీడు అంటాం. బీడు పెట్టామంటే నేలకి సెలవిచ్చామని అర్థం.

ఒకరోజు గని సర్వేయరు జీపు దిగి, పై చేను గట్టు మీద గడ్డి కోస్తున్న మా మరిదిని ఇదేమిటని అడిగాడు. మరిది తలెత్తకుండానే "బీడండీ" అన్నాడు. అతను మా కుండలో నీళ్లు తాగి, థాంక్సు చెప్పి మరీ వెళ్లాడు.

కోతలయ్యాక బడిగదిలో మీటింగు పెట్టారు. పిల్లల బల్లల్లో మోకాళ్లు ఇరికించుకుని కూర్చున్నాం. గని ఆఫీసరు తెరమీద పటం చూపించి, సాగుభూమి జోలికి రామని, బీడుభూములే తీసుకుంటామని తీయగా చెప్పాడు. మా పై చేను మీద పసుపు రంగు పూసి ఉంది. నేను లేచి, అది మేం పండించే చేనని చెప్పాను.

"మీవాళ్లే బీడన్నారు కదమ్మా," అన్నాడు నవ్వుతూ.

అందరూ మా మరిదివైపు తిరిగారు. వెనక బల్ల నుంచి ఎవరో, ముత్యంలాంటి మాట అన్నావురా బావా అని ఎత్తిపొడిచారు. వాడు తల దించుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"బాలింత మంచమ్మీద పడుకుంటే గొడ్రాలంటావా బాబూ? నిన్ను కన్నాక మీ అమ్మ పడుకోలేదా?" అన్నాను.

అతని నవ్వు ఆగింది. పటం మీద రంగు మాత్రం మారలేదు. ఇప్పుడక్కడ పంటేమీ లేదు కదా అని తేల్చేశాడు.

మరిది నా వెనకే ఇంటికి నడిచాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"వదినా, నేను తప్పు చెప్పానా?"

"నువ్వు మన మాట చెప్పావు. వాడు వాడి మాట విన్నాడు. పద, నాగలి తియ్యి."

"వచ్చే వానలదాకా పడుకోనివ్వాలి కదా దాన్ని?"

"పడుకోనిస్తే ఇక లేవదు."

మర్నాడే దున్నాం. అలిసిన నేల పెళ్లలు పెళ్లలుగా లేచింది. ఉలవలు చల్లాం, అవైతే మంచుకే మొలుస్తాయి. నాగలి దిగబడినప్పుడల్లా ఆ ఆఫీసరుని తిట్టుకుంటూనే ఉన్నాను.

గని యంత్రం వచ్చేసరికి ఉలవ రెండాకులు వేసింది. డ్రైవరు గట్టు దగ్గర ఆపి, తనని బీడు తవ్వమన్నారని, ఇది చూస్తే చేనులా ఉందని గొణిగాడు. వెనకే వచ్చిన సర్వేయరు మా మరిదిని మళ్లీ అదే అడిగాడు.

ఈసారి మరిది తలెత్తాడు. "నన్నడక్కండి. నా మాట మీకు అర్థం కాదు. మా వదిననడగండి."

నేను కొంగు దోపుకుని గట్టుకి అడ్డంగా నిలబడ్డాను.

"చేను," అన్నాను. "వినపడిందా? వెళ్లి ఇదే చెప్పు."

యంత్రం వెనక్కి తిరిగింది. మళ్లీ వస్తుంది, తెలుసు. వచ్చే ఏడు కింది చేను బీడు పెట్టాల్సిన వంతు. పెట్టం. మా ఇంట్లో ఇక ఆ మాటే అనం. రెండు చేలకీ ఇక సెలవన్నది లేదు. ఒక్క గడ్డపార దించకుండా మా నేల ప్రాణం తీయిస్తున్నారు, అదీ మా చేతులతోనే.